రెండు కొండలూ, నడుమ సూర్యుడూ

కిందటి సంక్రాంతి సంబరాల్లో మన సంఘం వారు పిల్లలకు చిత్రలేఖనం పోటీ పెట్టారు. బహుమతులు నిర్ణయించే భారం మా దంపతుల మీద పడింది. "మాకు చిత్రకళలో ఓనమాలు కూడా రావండీ" అని తప్పుకోబోయాము. కార్యదర్శిగారు ఒప్పుకోలేదు. "డాక్టర్లు కదా, అనాటమీ రికార్డు నిండా బొమ్మలు వేసే ఉంటారు, అది చాలు" అన్నారు. కాదనలేకపోయాము.

పోటీకి ఇచ్చిన అంశం "నేను చూసిన చోటు". అయిదేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా 34 మంది పిల్లలు గంటసేపు క్రేయాన్లతో కుస్తీ పట్టారు. తర్వాత బొమ్మలన్నీ బల్లల మీద పరిచి చూస్తే మాకు నవ్వొచ్చింది. సగానికి పైగా ఒకటే బొమ్మ! కోసుగా ఉన్న రెండు కొండలు, వాటి నడుమ సగం లేచిన సూర్యుడు, చుట్టూ పుల్లల్లాంటి కిరణాలు, కొండల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ దిగివచ్చే ఏరు, ఒడ్డున పూరిల్లు, ఇంటి పక్కన వంగిన కొబ్బరిచెట్టు, ఆకాశంలో టిక్కు గుర్తుల్లాంటి నాలుగు పక్షులు. మీకూ తెలిసిన బొమ్మే. మనమంతా చిన్నప్పుడు వేసిందే. మన అమ్మానాన్నలూ వేసిందే.

మనం కాపురముంటున్న ఈ ఒహాయో ఊళ్ళో కోసు కొండలూ లేవు, కొబ్బరిచెట్లూ లేవు. ఈ పిల్లల్లో చాలామంది పూరిల్లు చూసి ఉండరు. మరి ఎక్కడి నుంచి వచ్చిందీ బొమ్మ? పోటీ జరుగుతుండగా వెనక నిలబడిన తల్లిదండ్రుల్ని గమనిస్తే తెలిసేది. "అది కాదు కన్నా, ఇలా రెండు కొండలు వెయ్యి, మధ్యలో సూర్యుణ్ణి పెట్టు" అని చెయ్యి పట్టి వేయించినవాళ్ళు ఒకరూ ఇద్దరూ కాదు.

ఆ బల్ల చివర ఒక ఎనిమిదేళ్ళ పిల్ల వేసిన బొమ్మ ఉంది. కాగితంలో ముప్పాతిక భాగం తెల్లగా వదిలేసింది. మంచులో సగం మునిగిపోయిన ఉత్తరాల డబ్బా ఒకటి, దాని దాకా వెళ్ళి తిరిగొచ్చిన కొన్ని అడుగుల గుర్తులూ, అంతే. వాళ్ళమ్మగారు మా దగ్గరికి వచ్చి, "ఏమీ అనుకోకండి, ఏదో పిచ్చిగీతలు గీసింది, చెప్తే వినదండీ" అని నొచ్చుకున్నారు. "ఫరవాలేదండీ, చిన్నపిల్ల కదా" అని మేమూ సర్దిచెప్పాము. మొదటి బహుమతి శుభ్రంగా రంగులు నింపిన ఒక కొండల బొమ్మకు ఇచ్చి ఇంటికి వచ్చేశాము.

నెల తర్వాత ఒకరింట్లో భోజనాల దగ్గర ఆ పిల్ల కనబడింది. మాటవరసకు, "నీ బొమ్మలో అడుగులు ఎవరివమ్మా?" అని అడిగాము. "వెళ్ళేటప్పుడు డాడీవీ నావీ ఉన్నాయి కదా. వచ్చేటప్పుడు డాడీవే ఉన్నాయి. నాకు కాళ్ళు చల్లబడ్డాయని ఎత్తుకున్నాడు" అంది. ఇంటికి రాగానే సంఘం సామాన్ల పెట్టెలోంచి ఆ బొమ్మ తీసి చూశాము. నిజమే. వెళ్ళేటప్పుడు పెద్ద అడుగుల పక్కన చిన్న అడుగులు. వచ్చేటప్పుడు పెద్దవి మాత్రమే, అవీ బరువుకు కాస్త లోతుగా దిగినట్టు గట్టిగా రుద్ది ఉన్నాయి. రోగిని చూడగానే నడకలోనే సగం జబ్బు పట్టుకోవాలని మాకు చదువు చెప్పినవారు నేర్పారు. ఎదురుగా ఉన్న నడకను మేము చూడలేకపోయాము.

మేము పెట్టిన టిక్కు

ఇంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. దాన్ని చెప్పుకోవడానికే ఈ వ్యాసం.

మా పిల్ల చదివే బడుల జిల్లాలో ఆస్తిపన్ను పెంచుకోవడానికి లెవీ పెడితే ఓటర్లు తిరగ్గొట్టారు. ఖర్చు తగ్గించాలి కాబట్టి, వేటిని తగ్గిస్తే మీకు అభ్యంతరం ఉండదో చెప్పమని బడివారు తల్లిదండ్రులకు ఒక ఫారం పంపారు. బస్సులు, లైబ్రరీ, సంగీతం, చిత్రకళ, ఆటలు, చదువులో చురుకైన పిల్లలకు పెట్టే ప్రత్యేక లెక్కల క్లాసు, ఇలా వరసగా గళ్ళు. మేము రెండో ఆలోచన లేకుండా చిత్రకళ గడిలో టిక్కు పెట్టాము. తెలిసిన నాలుగు తెలుగు కుటుంబాల వాళ్ళను అడిగితే వాళ్ళూ అదే చేశామన్నారు. "బొమ్మలు ఇంట్లో వేసుకోవచ్చు కదండీ, లెక్కలు పోతే ఎలా?" అన్నది అందరి మాటా.

ఇది దుర్మార్గం కాదు. మనలో చాలామందిమి ఎంసెట్ ర్యాంకులు ఎక్కించిన బస్సులో ఈ దేశం దాకా వచ్చినవాళ్ళం. ఏ సబ్జెక్టు మనల్ని దరిచేర్చిందో దాని మీద నమ్మకం ఉంటుంది. మా హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు ఒకరుండేవారు. నల్లబల్ల మీద కూజా, గొడుగు, మామిడికాయ వేసి చూసి వేయమనేవారు. పదో తరగతికి వచ్చేసరికి ఆయన పీరియడ్ లెక్కల మాస్టారి పాలయ్యేది. డ్రాయింగు మాస్టారు అభ్యంతరం చెప్పేవారు కారు. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఆయన అలా కూర్చోవడంలో ఏదో తప్పుందని మాకు అప్పుడు తోచలేదు. ఫారంలో టిక్కు పెట్టి మేము చేసిందీ అదే. ఇంకొక మాస్టారిని వరండాలోకి పంపాము.

గీతలకూ ఒక వయసుంది

పిల్లల ఎదుగుదల తెలుసుకోవడానికి డాక్టర్లు పెన్సిలూ కాగితమూ వాడటం కొత్త కాదు. సున్నా చుట్టి చూపిస్తే మూడేళ్ళ పిల్ల చూసి చుడుతుంది. కూడిక గుర్తు నాలుగో ఏట వస్తుంది, చతురస్రం అయిదో ఏటికి వస్తుంది. పేకముక్కల్లోని డైమండు ఆకారం ఏడేళ్ళు దగ్గరపడితే గాని సాధారణంగా కుదరదు. వేళ్ళలో బలం లేక కాదు. మూల ఎటు తిరుగుతున్నదో కన్నూ మెదడూ చెయ్యీ మూడూ కలిసి పట్టుకోవాలి. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఫ్లారెన్స్ గుడినఫ్ 1926లో, పిల్లల చేత ఒక మనిషి బొమ్మ వేయించి దానికి 51 అంశాల మీద మార్కులు వేసే పద్ధతి తెచ్చింది. వేళ్ళు వేశాడా, మెడ ఉందా, చేతులు భుజాల నుంచి వచ్చాయా అని చూస్తారు. తెలివితేటల కొలతగా దాన్ని ఇప్పుడు అంతగా నమ్మరు. కాని పిల్లలు తాము చూసినదాన్నే కాక తాము తెలుసుకున్నదాన్ని వేస్తారన్న సంగతి దానితో బాగా తెలిసివచ్చింది.

పిల్లల బొమ్మల మెట్లను వివరంగా రాసినవాడు విక్టర్ లోవెన్‌ఫెల్డ్. ఆస్ట్రియాలో పుట్టిన యూదుడు. 1938లో నాజీలు ఆ దేశాన్ని కలుపుకున్నాక వదిలి వచ్చి, అమెరికాలో నల్లజాతి విద్యార్థులు చదివే హ్యాంప్టన్ విద్యాలయంలోనూ, తర్వాత పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలోనూ చెప్పాడు. 1947లో ఆయన రాసిన పుస్తకం ఎన్నో ఏళ్ళు ఇక్కడి ఆర్టు టీచర్లకు పాఠ్యగ్రంథం. ఆయన లెక్క ప్రకారం రెండేళ్ళకు పిచ్చిగీతలు మొదలవుతాయి. నాలుగేళ్ళ వేళకు తలకాయ నుంచే కాళ్ళు మొలిచిన మనుషులు వస్తారు. ఏడెనిమిదేళ్ళకు కాగితం అడుగున నేల గీత, పైన ఆకాశం గీత, ఇంటి గోడలోంచి లోపలి మంచం కూడా కనిపించడం ఉంటాయి. ఇవన్నీ తప్పులు కావు, పాకడం తర్వాత నడక వచ్చినట్టు వరసగా వచ్చే మెట్లు.

ఆ తర్వాత తొమ్మిది నుంచి పదకొండేళ్ళ మధ్య ఒక గండం ఉంది. ఆ వయసులో పిల్లలకు తమ బొమ్మకూ ఎదురుగా ఉన్న వస్తువుకూ తేడా తెలియడం మొదలవుతుంది. కన్ను పెరిగింది, చెయ్యి ఇంకా పెరగలేదు. "నాకు రాదు" అనేస్తారు. అప్పుడు పక్కన తెలిసినవాళ్ళు ఉండి, నీడ ఎలా పడుతుందో, దూరం వస్తువు ఎందుకు చిన్నదవుతుందో చెబితే గండం గడుస్తుంది. లేకపోతే చాలామంది అక్కడే ఆగిపోతారు. మనలో ఎవరినైనా ఇప్పుడు మనిషి బొమ్మ వేయమంటే పదేళ్ళ పిల్లవాడి బొమ్మే వేస్తాము. మన చదువు అక్కడ ఆగింది కాబట్టి.

మా అమ్మాయి తొమ్మిదో ఏట సరిగ్గా ఇదే మాట అంది. అంతకు ముందు గోడల మీద, కవర్ల వెనక, మా ప్రిస్క్రిప్షన్ కాగితాల మీద కూడా బొమ్మలు వేసేది. ఒకనాడు కుక్కను వేసి, అది కుక్కలా లేదని చింపేసి, "ఐ కాన్ట్ డ్రా" అంది. మేము కంగారు పడలేదు సరికదా, చదువు మీద ధ్యాస నిలిచిందని సంతోషించి లెక్కల ట్యూషనులో చేర్చాము. ఇదే వయసులో తెలుగు మాట్లాడటం మానేస్తే ఎంత గాభరా పడి ఉండేవాళ్ళమో! అదీ ఒక భాషే అని మాకు తట్టలేదు.

డాక్టరు కొడుకు కథ

స్పెయిన్ దేశంలో శాంటియాగో రమోన్ ఇ కహాల్ అని ఒక డాక్టరు కొడుకు ఉండేవాడు. 1852లో పుట్టాడు. ఎప్పుడు చూసినా బొమ్మలే. తండ్రికి అది సుతరామూ గిట్టదు. కొడుకు వైద్యుడు కావాలి. పిల్లవాడు వేసిన ఒక బొమ్మను, ఊళ్ళో చర్చి గోడలకు సున్నమూ రంగులూ వేయడానికి వచ్చిన పనివాడికి చూపించి తీర్పు అడిగాడట. అతను పెదవి విరిచేసరికి కుంచెలకు సెలవిప్పించాడు. ఈ సంగతి కహాలే తన ఆత్మకథలో రాసుకున్నాడు. తర్వాత ఆ తండ్రే కొడుకుకు ఎముకలు నేర్పడానికి శ్మశానానికి తీసుకుపోయాడు. అక్కడ దొరికిన ఎముకల్ని చూసి వేస్తూ ఆ కుర్రవాడు అనాటమీ మీద ఇష్టం పెంచుకున్నాడు. మెదడులో నాడీకణాలు ఒకదానితో ఒకటి అంటుకుపోయిన వల కావనీ, దేనికది విడిగా ఉంటాయనీ సూక్ష్మదర్శినిలో చూసి, చూసినదాన్ని చేత్తో గీసి లోకానికి చూపించినవాడు ఆయనే. 1906లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఆ బొమ్మల్ని ఇప్పటికీ పుస్తకాల్లో వేస్తారు. బొమ్మలు మాన్పించబోయిన తండ్రి, బొమ్మల దారినే కొడుకును వైద్యంలోకి తెచ్చాడన్నమాట.

మన దగ్గరే ఇంకొక ఉదాహరణ ఉంది. 1858లో అచ్చయిన గ్రేస్ అనాటమీ పేరు వినని డాక్టరు లేడు. అందులో బొమ్మలు వేసినది గ్రే కాదు, హెన్రీ వాన్‌డైక్ కార్టర్ అనే డాక్టరు. ఆయన ఆ తర్వాత బొంబాయికి వచ్చి గ్రాంట్ వైద్య కళాశాలలో చాలాకాలం పనిచేశాడు. చిత్రకారుడి ఇంట పుట్టినవాడు.

పాత కథలు ఎందుకంటారేమో. యేల్ విశ్వవిద్యాలయం వారు వైద్య విద్యార్థుల్ని బొమ్మల మ్యూజియానికి తీసుకువెళ్ళి, ఒక్కొక్క చిత్రం ముందు నిలబెట్టి, "ఏమనుకుంటున్నావో తర్వాత, ముందు ఏం కనబడుతోందో చెప్పు" అని సాధన చేయించారు. అలా చూసినవారు రోగుల ఫొటోలలోని వివరాలను మిగతావారి కన్నా మెరుగ్గా పట్టుకున్నారని 2001లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ప్రకటించారు. ఫిలడెల్ఫియాలో 36 మంది మొదటి సంవత్సరం వైద్య విద్యార్థుల మీద ఇలాంటి పరిశీలనే జరిగి, దాని ఫలితాలు 2018లో అచ్చయ్యాయి. సగం మందికి మ్యూజియంలో గంటన్నర చొప్పున ఆరు పాఠాలు చెప్పారు. కంటి జబ్బుల చిత్రాలు చూసి వర్ణించడంలో వారి చూపు స్పష్టంగా పదునెక్కింది. అంటే మనం అయిదో తరగతిలో మిగుల్చుకోవాలనుకున్న గంటను వైద్య కళాశాలలు పాతికేళ్ళ వాళ్ళకు తిరిగి పెడుతున్నాయి.

తీసేయడం, మళ్ళీ పెట్టడం

ఈ దేశంలో బడిలో బొమ్మలు చెప్పడం వెనక కళాభిమానం కన్నా వ్యాపారమే ముందు ఉంది. మసాచుసెట్స్‌లో మిల్లుల యజమానులు, ఇంగ్లండు బట్టల డిజైన్లతో పోటీ పడలేకపోతున్నామని ప్రభుత్వానికి మొరపెట్టుకున్నారు. 1870లో అక్కడి శాసనసభ బడుల్లో డ్రాయింగు తప్పనిసరి చేసింది. నేర్పడానికి 1871లో ఇంగ్లండు నుంచే వాల్టర్ స్మిత్ అనే ఆయనను రప్పించారు. సరళరేఖలు, వంపులు, నల్లబల్ల మీద ఉన్నది చూసి దించడం, ఇదీ పాఠం. మన డ్రాయింగు మాస్టారి కూజా, గొడుగు కూడా ఆ ఇంగ్లీషు వంశం నుంచి వచ్చినవే. పిల్లలకు తమదంటూ ఒక బొమ్మ ఉంటుందని గుర్తించి, 1897లో వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ వేరే దారి తొక్కాడు. పిల్లల్ని తమకు తోచినట్టు వేయనిచ్చే తరగతి పెట్టాడు.

మన రాజమండ్రిలో ఈ రెండు దారులూ కలిసిన ఘట్టం ఒకటి ఉంది. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర, ఒక తెలుగు కుర్రవాడి చేతిలో ఉన్న విద్యను గుర్తించి వెన్నుతట్టాడు. ఆయన ప్రోత్సాహంతో ఆ కుర్రవాడు బొంబాయి జె.జె. కళాశాలకు వెళ్ళాడు. అతనే దామెర్ల రామారావు. 1925లో మశూచికం సోకి 28 ఏళ్ళయినా నిండకుండానే పోయాడు. ఆ కొద్దికాలంలో వేసిన చిత్రాలను చూడాలంటే నేటికీ రాజమండ్రి గ్యాలరీకి వెళ్ళాలి. అడివి బాపిరాజుగారు కూడా కూల్డ్రే శిష్యులే. చదువు చెప్పేవాడు ఒక్కడు కళ్ళు తెరిచి చూస్తే ఎంత పని జరుగుతుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇక ఈ దేశంలో డబ్బుకు ఇబ్బంది వచ్చినప్పుడల్లా మొదటి వేటు చిత్రకళ మీదనే పడింది. 1975లో న్యూయార్క్ నగరం దివాలా అంచుకు వచ్చినప్పుడు వేలాది టీచర్లను తీసేశారు. ఆర్టు, సంగీతం చెప్పేవారికి ఆ దెబ్బ గట్టిగా తగిలింది. 1978లో కాలిఫోర్నియా ఓటర్లు 13వ ప్రతిపాదనతో ఆస్తిపన్నుకు కళ్ళెం వేశాక అక్కడా అదే జరిగింది. 1994లో కేంద్ర చట్టం ఒకటి కళలు కూడా ముఖ్య విషయాలే అంది. 2002లో వచ్చిన ఇంకొక చట్టం చదవడం, లెక్కల పరీక్షల మీద బడుల మంచిచెడ్డలు తేల్చేసరికి మిగతా గంటలు కుంచించుకుపోయాయి. చివరికి అదే కాలిఫోర్నియా ఓటర్లు 2022లో 28వ ప్రతిపాదనను గెలిపించి, బడుల్లో సంగీతానికీ కళలకూ ఏటా సుమారు వంద కోట్ల డాలర్లు కేటాయించమన్నారు. తీసేయడానికి ఒక్క ఎన్నిక చాలింది. తిరిగి పెట్టడానికి 44 ఏళ్ళు పట్టింది. ఆ మధ్యలో బడి దాటిపోయిన పిల్లలకు ఎవరు ఏమిస్తారు?

లెక్కల మార్కులు పెరుగుతాయా?

మనవాళ్ళు తప్పక అడిగే ప్రశ్న ఇది. నిజం చెప్పాలి. పెరుగుతాయని రుజువు కాలేదు. ఈ విషయమై వచ్చిన పరిశోధనలన్నిటినీ ఎలెన్ విన్నర్, ఆమె సహచరులు 2000లో కలిపి చూశారు. బొమ్మలు నేర్చుకుంటున్న పిల్లలకు మంచి మార్కులు ఉన్నమాట నిజమే గాని, బొమ్మల వల్లనే వచ్చాయని చెప్పడానికి ఆధారం లేదని తేల్చారు. చిత్రకళను ప్రేమించే ఆమే ఈ మాట అనడం వల్ల కొందరికి కోపం కూడా వచ్చింది. మాకు మాత్రం ఆమె మాట మీద గౌరవం కలిగింది. పనిచేయని చోట మందు పనిచేస్తుందని రాయకూడదు కదా.

అయితే ఆమె అక్కడితో ఆగలేదు. మంచి ఆర్టు క్లాసులో నిజంగా ఏం నేర్పుతున్నారో బోస్టన్ ప్రాంతపు బడుల్లో కూర్చుని చూసి, 2007లో సహచరులతో కలిసి పుస్తకం రాసింది. సాధనాలు వాడే నైపుణ్యం మాట అటుంచి, శ్రద్ధగా చూడటం, కుదరకపోయినా వదలకపోవడం, లేనిదాన్ని మనసులో ఊహించుకోవడం, చేసిన పని గురించి ఆలోచించుకోవడం, తెలియనిదానికి సాహసించడం వంటి అలవాట్లు అక్కడ కనిపించాయి. హ్యూస్టన్‌లో 42 బడులను లాటరీ పద్ధతిన రెండుగా విడదీసి, కొన్నిటికి కళల కార్యక్రమాలు అదనంగా ఇచ్చి చూశారు. 2019లో వచ్చిన ఫలితాల ప్రకారం ఆ బడుల్లో క్రమశిక్షణ కేసులు తగ్గాయి, రాతలో మార్కులు పెరిగాయి, ఇతరుల కష్టం పట్ల కనికరం కొంత ఎక్కువయింది. లెక్కల మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తగ్గనూ లేదు.

మేము అనుమతి తీసుకుని మా అమ్మాయి ఆర్టు క్లాసులో ఒక గంట వెనక కూర్చున్నాము. టీచరమ్మ పిల్లలందరినీ తమ బూటు ఒకటి విప్పి బల్ల మీద పెట్టమంది. కాగితం వంక చూడకుండా, బూటు మీదనే కన్ను ఉంచి, చీమ పాకినట్టు నెమ్మదిగా అంచు వెంట పెన్సిలు నడపమంది. పది నిమిషాలు చీమ చిటుక్కుమంటే ఒట్టు. తర్వాత చూసుకుంటే గీతలు ఎక్కడెక్కడికో పోయాయి, అందరూ నవ్వుకున్నారు. అప్పుడు ఆమె, "ఇంతకు ముందు చూడనిది ఏం చూశారు?" అని అడిగింది. మా అమ్మాయి చెయ్యెత్తి, "నా బూటు మడమ ఒక పక్కే అరిగింది" అంది. డాక్టర్లమైన మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. ఆ సాయంత్రం దాని నడక చూశాము. జబ్బేమీ లేదు, సంతోషం. కాని చూసింది మేము కాదు, అది.

మనం చేయగలిగినవి

బడివారి బహిరంగ సమావేశంలో ఎవరైనా మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. మేము పేరిచ్చి మాట్లాడాము. మార్కుల సంగతి ఎత్తలేదు. ఫారంలో టిక్కు పెట్టినవాళ్ళలో మేమూ ఉన్నామనీ, అది పొరపాటనీ, చూడటం నేర్పే గంట ఇంకొకటి మీ దగ్గర లేదనీ అన్నాము. మన సంఘం నుంచి ఇంకో రెండు కుటుంబాలు వచ్చాయి. ఫలితం సగం సగమే. చిత్రకళ పూర్తిగా పోలేదు గాని వారానికొక గంట కాస్తా రెండు వారాలకొక గంట అయింది. టీచరమ్మకు గది పోయింది. సామానంతా చక్రాల బండి మీద పెట్టుకుని తరగతి తరగతికీ తోసుకుంటూ వెళుతోంది. వరండాలో కుర్చీ వేసుకున్న మా డ్రాయింగు మాస్టారు గుర్తుకొచ్చారు. లెవీ నవంబరులో మళ్ళీ ఓటుకు వస్తుంది. పౌరసత్వం ఉన్నవారు ఓటు వేయండి. లేనివారూ ఈ సమావేశాలకు వచ్చి మాట్లాడవచ్చు. మనవాళ్ళు బొత్తిగా రావడం లేదని బోర్డు సభ్యులే అన్నారు.

ఇంట్లో చేయవలసినవి పెద్ద ఖర్చుతో పని లేనివి. రంగులు నింపే పుస్తకాల బదులు తెల్లకాగితం ఇవ్వండి. వేరెవరో గీసిన పక్షిలో రంగు నింపడం అలవాటైతే పిల్లకు తన పక్షి మీద నమ్మకం పోతుందని లోవెన్‌ఫెల్డ్ వాదన. బొమ్మ చూపించగానే "బాగుంది" అనో "ఇదేమిటి?" అనో తేల్చకుండా, "దీని గురించి చెప్పు" అని అడగండి. మేము ఆ మంచు బొమ్మ ముందు ఈ ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది. చెయ్యి పట్టి వేయించకండి. "నాకు రాదు" అన్న రోజున దాన్ని జ్వరంలాగే పట్టించుకోండి.

దేశం నుంచి అమ్మమ్మలు, నానమ్మలు వచ్చినప్పుడు వారి చేత ముగ్గు వేయించండి. చుక్కలు లెక్కపెట్టడం, ఒక పక్క తిప్పిన మెలికను రెండో పక్కకూ తప్పకుండా తిప్పడం, చెయ్యి ఎత్తకుండా మొదలుపెట్టిన చోటికే రావడం, ఇంత విద్య ఉంది అందులో. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, ఆయన సహచరులు 1970లలో ఈ చుక్కల ముగ్గులకు వ్యాకరణం కట్టి కంప్యూటరు శాస్త్రంలో పత్రాలు రాశారు. మనలోని ఇంజనీర్లు ఈ సంగతి పిల్లలకు చెబితే బాగుంటుంది. వాకిట్లో మంచు ఉన్న రోజుల్లో గ్యారేజీ నేల మీద సుద్దతో వేసుకోవచ్చు.

ఇక మన సంఘం సంగతి. వచ్చే సంక్రాంతికి చిత్రలేఖనం పోటీ వద్దనీ, చిత్రలేఖనం మాత్రం ఉండాలనీ కార్యదర్శిగారిని కోరాము, ఒప్పుకున్నారు. బహుమతులు లేవు. పిల్లలు వేసినవన్నీ గోడకు పెడతాము. ఒక్కొక్కరూ తమ బొమ్మ దగ్గర నిలబడి తెలుగులో రెండు ముక్కలు చెబుతారు. కొండల బొమ్మ వేసినా తప్పు లేదు, కొండ చూసిన పిల్లలైతే. పెద్దలు ఆ గదిలోకి రాకుండా పక్క హాల్లో కాఫీ ఏర్పాటు ఉంది.

ఆ ఎనిమిదేళ్ళ పిల్ల ఇంటికి వెళ్ళి బొమ్మ తిరిగి ఇచ్చాము. పోటీలో మేము దాన్ని సరిగా చూడలేదని ఆ పిల్లకూ, వాళ్ళమ్మగారికీ చెప్పాము. వాళ్ళమ్మగారు చాలాసేపు ఆ అడుగుల వంక చూస్తూ ఉండిపోయారు. వాళ్ళాయన డ్యూటీలో ఉన్నారు, వచ్చాక చూపిస్తామన్నారు.

సంక్రాంతికి పిల్లల్ని పంపేవారు పేర్లు నెలాఖరులోగా కార్యదర్శిగారికి ఇవ్వండి. కాగితాలు, రంగులు సంఘమే ఇస్తుంది. మీరు పంపవలసింది నాన్నగారి పాత చొక్కా ఒకటి. పట్టులంగాల మీద రంగు పడితే మమ్మల్ని అనవద్దు.